కత్తెర పడని రెండు గంటల పద్దెనిమిది నిమిషాలు

జర్మన్ దర్శకుడు సెబాస్టియన్ షిప్పర్ తీసిన ‘విక్టోరియా’ (2015) మీద ఈసారి వచ్చిన ఉత్తరాలలో మెచ్చుకోళ్లకంటే ఫిర్యాదులే ఎక్కువ. చూడనివారి కోసం కథ క్లుప్తంగా: మాడ్రిడ్ నుంచి బెర్లిన్‌కు వచ్చి ఒక కఫేలో పనిచేస్తున్న విక్టోరియా అనే యువతి, తెల్లవారుజామున నైట్‌క్లబ్ నుంచి బయటికి వస్తూ నలుగురు స్థానిక కుర్రాళ్లతో మాటలు కలుపుతుంది, పొద్దు పొడిచేసరికి వాళ్లతోపాటు ఒక బ్యాంకు దోపిడీలో ఇరుక్కుపోతుంది. ఇదంతా ఒక్క కట్ కూడా లేకుండా, మొదటినుంచి చివరిదాకా ఒకే షాట్‌లో సాగుతుంది. ముగింపు మాత్రం ఇక్కడ బయటపెట్టడం లేదు.

ప్రశ్న: క్రైమ్ థ్రిల్లర్ అని కూర్చుంటే దాదాపు గంటసేపు నడవడం, నవ్వుకోవడం, మేడ మీద కూర్చుని తాగడం తప్ప ఏమీ జరగలేదు. నాకు కునుకు కూడా పట్టింది. దీన్ని కత్తిరించి తొంభై నిమిషాలకు కుదిస్తే మరింత బాగుండేది కాదా?

జవాబు: మీ విసుగును తప్పుపట్టలేను, మేడ మీది సన్నివేశంలో నేనూ ఒకసారి గడియారం చూసుకున్నాను. అయితే ఆ విసుగు ఎక్కడినుంచి వస్తోందో గమనించండి. మామూలు సినిమాలో ప్రతి కట్టూ మనకు ఒక హామీ ఇస్తుంది: అక్కర్లేనిది తీసేశాము, మిగిలిందంతా అవసరమైనదే అని. ఈ సినిమాలో ఆ హామీ లేదు కనుక, మెట్లెక్కే నిమిషం ముఖ్యమా, మద్యం సీసా చేతులు మారే నిమిషం ముఖ్యమా అన్నది ఎవరూ చెప్పరు. మనమే కనిపెట్టుకుంటూ కూర్చోవాలి. ఆ అలవాటు లేని కన్ను తొందరగా అలసిపోతుంది.

కానీ దోపిడీ ఘట్టాన్ని గుర్తుచేసుకోండి. కుర్రాళ్లు బ్యాంకు లోపలికి వెళ్తారు, కెమెరా వెళ్లదు. అది బండిలో స్టీరింగు ముందు కూర్చున్న విక్టోరియా దగ్గరే ఉండిపోతుంది. పైగా ఆ బండి సమయానికి స్టార్ట్ కాదు. దోపిడీ సినిమాలో దోపిడీనే చూపించకపోవడం వింతగా అనిపించినా, ఆ నిమిషాలలో మనకు ఊపిరి ఆడకపోవడానికి కారణం అదే. ఇంకో చోటికి దాటించే కట్ రాదని అప్పటికి గంటసేపు చూసి మన మనసుకు తెలిసిపోయింది. ఆ తెలివిడి లేకుండా, తొంభై నిమిషాల కూర్పులో అదే సన్నివేశం వస్తే, ‘కారు మొరాయించడం’ అనే పాత ఉపాయంగా తేలిపోయేది. మేడ మీది ఘట్టం ఒక పది నిమిషాలు తగ్గితే బాగుండేదన్న మాట నిజమే; తీసిన తరువాత తగ్గించుకునే వీలు లేకపోవడమే ఈ పద్ధతిలోని చిక్కు. పెట్టుబడి పెట్టినవారి ధైర్యం కోసం షిప్పర్ ముక్కలుగా చిత్రీకరించిన ఒక ప్రత్యామ్నాయ రూపాన్ని కూడా సిద్ధం చేసుకున్నారు. మన ముందుకు వచ్చింది మాత్రం అది కాదు.

ప్రశ్న: నిజంగానే కట్ లేదా, లేక చీకట్లో ఎక్కడో అతికించారా?

జవాబు: సందేహం సహజమే, ఎందుకంటే అతుకులు దాచే సంప్రదాయం పాతది. 1948లో హిచ్‌కాక్ ‘రోప్’ తీసినప్పుడు కెమెరాలో పట్టే ఫిల్ము పది, పదకొండు నిమిషాలకే అయిపోయేది కాబట్టి, ఒక పాత్ర వీపు తెరంతా కమ్మేసేలా చేసి, ఆ నలుపులో రీలు మార్చారు. ఈ మధ్యకాలపు ‘బర్డ్‌మ్యాన్’, ‘1917’ కూడా ఒకే షాట్‌లా కనిపించేలా కూర్చినవే. డిజిటల్ కెమెరా వచ్చాక ఆ ఇబ్బంది తొలగింది. 2014 ఏప్రిల్ 27న తెల్లవారుజామున సుమారు నాలుగున్నరకు మొదలుపెట్టి ఏడింటిదాకా, బెర్లిన్‌లోని క్రాయిట్స్‌బర్గ్, మిట్టె ప్రాంతాలలో ఇరవైకి పైగా చోట్ల తిరుగుతూ ‘విక్టోరియా’ను చిత్రీకరించారు. మొత్తం మూడు ప్రయత్నాలు జరిగితే తెరమీదికి వచ్చింది మూడోది. అన్నిటికంటే గట్టి సాక్ష్యం ఆకాశమే: క్లబ్ బయట చిక్కటి చీకటి, చివరి సన్నివేశాలలో పూర్తిగా తెల్లవారిన వెలుతురు, మధ్యలో మెల్లమెల్లగా మారే రంగు.

ఒక్క మాట కలపాలి. బొమ్మకు కత్తెర పడకపోయినా శబ్దానికి పడింది. కొన్ని చోట్ల పాత్రల మాటలు, పరిసరాల చప్పుళ్లు మెల్లగా మాయమై నిల్స్ ఫ్రామ్ సంగీతం ఒక్కటే మిగులుతుంది. ఆ క్షణాలలో కాలం ఆగినట్టు ఉంటుంది. నా దృష్టిలో అవి ఎడిటర్ చేయాల్సిన పనిని సంగీతం చేసిన చోట్లు.

ప్రశ్న: ముక్కూమొహం తెలియని నలుగురి వెంట అర్ధరాత్రి ఏ అమ్మాయైనా వెళ్తుందా? ఆపైన దోపిడీకి బండి నడపడమా? మా ఇంట్లో అందరమూ నవ్వుకున్నాము.

జవాబు: మొదటి సగం ప్రశ్నకు సినిమా జవాబు చెప్పిందనే అనుకుంటున్నాను. కఫేలో ఆమె పియానో ముందు కూర్చుని హంగేరీ స్వరకర్త ఫ్రాంజ్ లిస్ట్ రాసిన ‘మెఫిస్టో వాల్ట్జ్’ వాయిస్తుంది. ఏళ్ల తరబడి సాధన చేసి, నువ్వు ఇందుకు పనికిరావు అనిపించుకుని, స్నేహితులు లేని ఊరికి వచ్చిపడిన మనిషి, తనను చూసి కళ్లు పెద్దవి చేసిన మొదటి మనుషుల వెంట వెళ్లడం నమ్మదగినదే. సైతానుతో బేరం పెట్టుకున్న కథ మీద అల్లిన బాణీని అక్కడ ఎంచుకోవడం కూడా యాదృచ్ఛికం కాదు. రెండో సగం దగ్గర మీతో ఏకీభవిస్తాను. దోపిడీకి ఆమె ఒప్పుకునే తీరు తొందరపాటుగా ఉంది; గంటసేపు నడకకు ఓపిక చూపిన సినిమా, ఆ నిర్ణయానికి మరో రెండు నిమిషాలు కేటాయించలేకపోయింది.

ప్రశ్న: సంభాషణలు తడబడుతున్నాయి. ఇంగ్లీషు కూడా ముక్కలుముక్కలుగా ఉంది. నటులకు రిహార్సల్ లేదా?

జవాబు: స్క్రిప్టు పన్నెండు పేజీలే, సంభాషణలలో చాలా భాగం నటులు అప్పటికప్పుడు పలికినవే. విక్టోరియాకు జర్మన్ రాదు, కుర్రాళ్లకు స్పానిష్ రాదు కనుక మధ్యలో అరకొర ఇంగ్లీషే దిక్కు. ఆ ఇంగ్లీషు మోతాదు మించడం వల్లనే ఆస్కార్ విదేశీ భాషా చిత్రాల పోటీకి జర్మనీ తరఫున వెళ్లే అర్హత కూడా ఈ చిత్రానికి దక్కలేదు.

ప్రశ్న: అరగంటకే తల తిరిగి ఆపేశాను. లోపం నాలో ఉందా?

జవాబు: లేదు. కన్ను కదులుతున్నానంటుంది, లోచెవి కదలడం లేదంటుంది. ఆ తగవే తల తిప్పుతుంది. గదిలో దీపం వెలిగించి, తెరకు దూరంగా కూర్చుని చూడండి.

ప్రశ్న: ఇంతకీ ఈ సినిమాకు హీరో ఎవరంటారు?

జవాబు: విక్టోరియాగా లాయా కోస్టా, కుర్రాళ్లలో ఒకడిగా ఫ్రెడరిక్ లావ్ ఇద్దరూ బాగా చేశారు. కానీ చివర పేర్లు వచ్చేటప్పుడు లేచి వెళ్లకండి. అన్నిటికంటే ముందు పడే పేరు దర్శకుడిది కాదు, నటులదీ కాదు. అంతసేపూ కెమెరాను చేత్తో మోస్తూ వాళ్ల వెంట పరుగెత్తిన స్టుర్లా బ్రాంట్ గ్రోవ్‌లెన్‌ది. 2015 బెర్లిన్ చిత్రోత్సవంలో వెండి ఎలుగుబంటి (సిల్వర్ బేర్) పురస్కారం కూడా ఆయన చేతికే వెళ్లింది.