ట్రాక్టర్, హార్వెస్టర్ రిపేరు షెడ్డు పెడుతున్నాను, సేఫ్టీకి ఏమేం కొనాలి?

చీపురుపల్లి దగ్గర షెడ్డు, పనికి ఇద్దరు కుర్రాళ్లు, హెల్మెట్లు గ్లౌజులకి ఎంతవుతుందని అడిగారు. రాజాం వైపు ఇదే పనిలో చాలా కాలంగా ఉన్నాను కాబట్టి చెప్తున్నాను. కొనాల్సినవి తక్కువే. ముందు రైతుకి 'కాదు' అని చెప్పడం అలవాటు చేసుకోండి.

మన దగ్గర ప్రమాదాలు జరిగేది ఎక్కువగా నవంబరు, డిసెంబరుల్లో. వరి కోతకి వచ్చి ఉంటుంది, టీవీలో తుపాను అంటారు, హార్వెస్టర్ బెల్టు తెగుతుంది. రైతు, డ్రైవరు ఇద్దరూ నెత్తి మీద నిలబడి "ఇంజను ఆపకు బాబూ, మళ్లీ స్టార్టు అవ్వదు, అలాగే చూసెయ్" అంటారు. వేళ్లు పోయేది ఆ రెండు నిమిషాల్లోనే. మా షెడ్డులో ఒకటే పద్ధతి: ఇంజను ఆగాలి, తాళం చెవి పని చేసే కుర్రాడి జేబులో ఉండాలి, ఎత్తి ఉన్నదేదైనా నేల మీదకి దించాలి. ఆ తర్వాతే చెయ్యి లోపలికి. ఒప్పుకోని వాళ్లు వేరే షెడ్డుకి వెళ్లిపోయారు కూడా. పోనివ్వండి.

దించితే పని జరగదు అనుకోండి, అంటే హార్వెస్టర్ ముందుండే కట్టర్ (కోసే భాగం) కింద దూరాలి, అప్పుడు దాన్ని ఎత్తే లిఫ్టు సిలిండర్ మీద పడే ఇనుప లాకు వెయ్యాలి. చాలా బళ్లకి ఆ లాకు ఊడబీకి ఉంటుంది, అడ్డమని డ్రైవర్లే తీసేస్తారు. లేకపోతే గట్టి స్టాండ్లు పెట్టండి. హైడ్రాలిక్ ఎత్తి పట్టుకుందని నమ్మకండి. హోసు పగిలినా, పైన ఎవడో లీవరు తాకినా దిగిపోతుంది. ట్రాక్టరు కింద జాకీ పెట్టినా అంతే, అది ఎత్తడానికే, ఎత్తాక స్టాండ్లు పెట్టాలి. మట్టి నేలైతే కింద మందపాటి చెక్క వేయండి. ఇటుకలు మాత్రం వద్దు, బరువుకి ఒక్కసారిగా పగిలిపోతాయి.

పీటీవో షాఫ్టు (ట్రాక్టరు వెనక పనిముట్లని తిప్పే ఇరుసు) నిమిషానికి 540 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 9. లుంగీ అంచో తువ్వాలు కొసో తగిలితే చెయ్యి వెనక్కి లాక్కునే వ్యవధి ఉండదు. అందుకే షెడ్డులో లుంగీలు బంద్, మెడలో తువ్వాలు బంద్. గ్లౌజులు అడిగారు కదా, వెల్డింగుకి తప్పకుండా కొనండి. డ్రిల్లు మిషను దగ్గర, తిరిగే షాఫ్టుల దగ్గర మాత్రం వేసుకోనివ్వకండి, గ్లౌజు చుట్టుకుంటే చేతిని కూడా లాక్కుపోతుంది.

చాలామందికి తెలియనిది ఇంకొకటి. ఇంజెక్టర్ (ఇంజను లోపలికి డీజిల్ చిమ్మే ముక్కు) నుంచి డీజిల్ తక్కువలో తక్కువ సుమారు 200 బార్ ఒత్తిడితో వస్తుంది, కారు టైరులో గాలికి దాదాపు నూరు రెట్లు. హైడ్రాలిక్ పైపులదీ ఇదే కథ. లీకు ఎక్కడుందో వేలితో తడమకండి, అట్టముక్క పెట్టి చూడండి. సన్నటి ధార చర్మం లోపలికి దూరితే సూది గుచ్చినట్టే ఉంటుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండదు. ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గర టీటీ వేయించుకుని ఇంటికి పోతారు, తెల్లారేసరికి వేలు నల్లబడుతుంది. వెంటనే శ్రీకాకుళం సర్కారు పెద్దాసుపత్రికో (రిమ్స్ అనేవాళ్లు), విశాఖ కేజీహెచ్‌కో తీసుకెళ్లి "ప్రెషరుతో డీజిల్ లోపలికి పోయింది" అని ఆ మాటే చెప్పాలి. కొన్ని గంటల్లో ఆపరేషను చేయాల్సి వస్తుంది.

డీజిల్ ట్యాంకుకి వెల్డింగు అంటే, ఖాళీదే కదా అని ధీమా వద్దు. అడుగున మిగిలినది వేడికి ఆవిరై పేలుతుంది. బాగా కడిగి, నీళ్లు నింపి చేయగలిగితేనే చేయండి. బండి మీద వెల్డింగు చేసేటప్పుడు బ్యాటరీ తీగలు విప్పండి, నెగిటివ్ ముందు తీసి చివర్లో బిగించాలి.

నూర్పిడి మిషన్లు కూడా వస్తాయి మీకు. పనలు పెట్టే తొట్టి పొట్టిగా కోసెయ్యమని అడుగుతారు, పని తొందరగా అవుతుందని. కొయ్యకండి. ఆ తొట్టి కనీసం 900 మిల్లీమీటర్ల పొడవుండాలని, అందులో కనీసం 450 మిల్లీమీటర్ల మేర పైన మూత ఉండాలని బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణం. ఊరికే పెట్టలేదు, చెయ్యి డ్రమ్ముకి అందకుండా. నూర్పిడి మిషన్ల లాంటి వాటి కోసం 1983లో ప్రమాదకర యంత్రాల చట్టం కూడా వచ్చింది. మీరు కోసిన తొట్టిలో ఎవరి చెయ్యయినా పోతే ఊళ్లో అందరూ మీ షెడ్డు పేరే చెప్తారు.

ఇక కొనాల్సినవి. గ్రైండింగుకి కళ్లద్దాలు, వెల్డింగు హెల్మెట్టు, కాలివేళ్ల దగ్గర గట్టిగా ఉండే బూట్లు, హార్వెస్టర్ దుమ్ము దులిపేటప్పుడు మంచి మాస్కు, డీజిల్ మంటని ఆర్పే పొడి సిలిండరు. గ్రైండరు గార్డు తీసేసి వాడటం కుర్రాళ్లకి సరదా, ఒప్పుకోవద్దు. డిస్కు మీద రాసిన స్పీడు మిషను స్పీడుకన్నా తక్కువ ఉండకూడదు. వైరింగు చేయించేటప్పుడే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) పెట్టించండి. వానాకాలం తడి నేల మీద పని చేసే షెడ్డుకి నా లెక్కలో అన్నిటికంటే ముందు ఖర్చు పెట్టాల్సింది దాని మీదే.

ఇద్దరు కుర్రాళ్లకీ 18 నిండాయా లేదా ఆధార్ చూసి పెట్టుకోండి. నిండితే బ్యాంకులో ప్రధానమంత్రి సురక్షా బీమా కట్టించండి, ఏడాదికి 20 రూపాయలే, ప్రమాదంలో చనిపోతే 2 లక్షలు వస్తాయి. అది ఉందని యజమానిగా మీ బాధ్యత తీరదు గానీ, కట్టకపోవడానికి కారణమేమీ లేదు.