మాత్ర పాలతో వేసుకోవచ్చా?

ప్రశ్న: మేడమ్, మా నాన్నగారికి 68 ఏళ్లు, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు) వచ్చి ఏడేళ్లైంది. లెవోడోపా మాత్రలు రోజుకి నాలుగుసార్లు వేసుకుంటారు. ఇదివరకు మాత్ర పడిన కాసేపటికే లేచి తిరిగేవారు, ఇప్పుడు పొద్దున మాత్ర అసలు పట్టట్లేదు, పదకొండింటి దాకా కుర్చీలో బిగుసుకుపోయి కూర్చుంటున్నారు. ప్రోటీన్ తింటే మందు పనిచేయదని ఎవరో చెప్పారని అమ్మ రెండు నెలలుగా పప్పు, గుడ్డు, చికెన్ మాన్పించేసింది. 4 కిలోలు తగ్గారు, పొద్దున పరిస్థితి మాత్రం అలాగే ఉంది. టిఫిన్ ఏడున్నరకి, ఎక్కువగా పెసరట్టే, మాత్ర వేడి చేస్తుందని అమ్మ గ్లాసుడు పాలతో ఇస్తుంది. ఏం పెట్టాలి?
(తెనాలి నుంచి ఒక పాఠకుడు)

జవాబు: బాబూ, చిక్కు మీరు ఆఖర్లో రాసిన పెసరట్టు, పాలల్లోనే ఉంది. అమ్మగారి లెక్కలో ప్రోటీన్ అంటే గుడ్డు, కోడి, పప్పు. కానీ 100 గ్రాముల పెసల్లో దాదాపు 24 గ్రాముల ప్రోటీనే ఉంటుంది, గ్లాసు పాలల్లో ఇంకో 6 గ్రాములు. అంటే మధ్యాహ్నం పప్పు మాన్పించి, పొద్దున మాత్ర మీదే ప్రోటీన్ పోస్తున్నారన్నమాట. ఆవిణ్ణి ఏమీ అనకండి, మనందరి ఇళ్లలో మందులు పాలతోనే వేసేవాళ్లు కదా.

లెవోడోపా పేగులోంచి రక్తంలోకి వెళ్లాలన్నా, రక్తంలోంచి మెదడులోకి వెళ్లాలన్నా ఒకే దారి, ప్రోటీన్ అరిగాక వచ్చే అమైనో ఆసిడ్లు కొన్ని అదే దారిన పోతాయి. పండగ ముందురోజు బస్సు ఎక్కినట్టే, జనం ముందే నిండిపోతే మాత్రకి సీటు దొరకదు. అందుకే మాత్ర భోజనానికి కనీసం అరగంట ముందు, లేదా తిన్న గంట, గంటన్నర తర్వాత, మామూలు నీళ్లతో. ఖాళీ కడుపున వికారం అంటే రెండు సాదా బిస్కెట్లు, ఒక అరటిపండు ముక్క చాలు, పాలు వద్దు. నూనె ఓడే పూరీ, వడ లాంటివి కూడా కడుపులో చాలాసేపు ఉండిపోతాయి, మాత్ర అరిగే చిన్నపేగు దాకా లేటుగా చేరుతుంది. రక్తం తక్కువని ఐరన్ మాత్ర ఏమైనా వాడుతుంటే దానికీ దీనికీ కనీసం రెండు గంటల ఎడం ఉంచండి, ఐరన్ దీన్ని పట్టేసుకుంటుంది.

ఇక పప్పు, గుడ్డు రేపే మళ్లీ మొదలుపెట్టండి. ఈ జబ్బులో బరువు తగ్గడం మంచిది కాదు, కండ కరిగితే పడిపోవడం ఎక్కువవుతుంది. అరవై కిలోల మనిషికి రోజుకి 50, 60 గ్రాముల ప్రోటీన్ కావాల్సిందే. కాకపోతే ఎక్కువ భాగం రాత్రికి జరపండి. పగలు ఉప్మా, అటుకులు, రాగిజావ, కూర అన్నం, రాత్రి పప్పు, గుడ్డు, చేప, గడ్డపెరుగు. పెసరట్టు కూడా రాత్రికి వేసుకోవచ్చు, ఏం, టిఫిన్ అని రాసి ఉందా దానిమీద! ఇలా మారిస్తే ఒక్కోసారి పగలు మందు బాగా పట్టేసి ఒళ్లు మెలికలు తిరుగుతున్నట్టు కదులుతుంది, అలా అయితే డోసు తగ్గించాల్సి రావచ్చు, న్యూరాలజిస్టుకి చెప్పండి, మీకు మీరు మాత్ర తగ్గించడం, ఆపడం మాత్రం వద్దు. వారం రోజులు ఒక నోట్‌బుక్‌లో మాత్ర టైము, తిన్న టైము, ఎప్పుడు లేచి నడిచారో రాసి పట్టుకెళ్తే డాక్టర్‌కి సగం పని తేలికవుతుంది.

ఒకటి మీరు రాయలేదు గానీ అడుగుతున్నా, విరేచనం సాఫీగా అవుతోందా? పార్కిన్సన్స్‌లో మలబద్ధకం చాలామందికి ఉంటుంది, వణుకు రావడానికి ఏళ్ల ముందే మొదలయ్యేవాళ్లూ ఉన్నారు. ఆకుకూర, బీరకాయ, జామపండు, నీళ్లు బాగా పెంచండి (గుండె, కిడ్నీ జబ్బు లేకపోతేనే). నీళ్లు, చారు తాగేటప్పుడు దగ్గు వస్తోందా అని కూడా గమనించండి, పలచటివే ముందు గొంతులో అడ్డం పడతాయి. నిటారుగా కూర్చోబెట్టి, గడ్డం కొంచెం దించి, చిన్న గుక్కలు తాగించండి, రోజూ పొలమారుతుంటే స్పీచ్ థెరపిస్ట్ దగ్గర మింగడం టెస్ట్ చేయించాలి.

ప్రశ్న: దూలగొండి పొడి వాడితే పార్కిన్సన్స్ మాత్రలు మానేయొచ్చంటున్నారు, నిజమేనా?
(నిజామాబాద్ నుంచి ఒక పాఠకురాలు)

జవాబు: దూలగొండి గింజల్లో లెవోడోపా ఉన్నమాట నిజమే, ఆయుర్వేదంలో కంపవాతానికి ఎప్పటినుంచో వాడుతున్నారు. ఇబ్బంది ఏంటంటే ఏ డబ్బాలో ఎంత ఉందో ఒకేలా ఉండదు, మాత్రల మీద అదీ వేస్తే డోసు పెరిగిపోయి వాంతులు, బీపీ పడిపోవడం, ఒళ్లు అదుపు లేకుండా కదలడం రావచ్చు. మాత్రలు ఉన్నట్టుండి మానేయడం ఇంకా ప్రమాదం. ఇప్పటికే వాడుతుంటే డాక్టర్ తిడతారని దాచకండమ్మా, ఆ డబ్బా సంచిలో వేసుకుని వెళ్లి చూపించండి.