గిన్నె అంచు మీద ఏముందో ముందు చదువు

చిరంజీవి తమ్ముడికి,

నీ వ్యాసం అందింది. రెండుసార్లు చదివాను. మెక్సికో, గ్వాటెమాలా వైపు మాయా జాతివాళ్ళ చెక్కుడు మట్టి పాత్రల గురించి తెలుగులో రాయాలని నీకు తోచడమే నాకు పెద్ద సంతోషం. మన భాషలో ఈ విషయం మీద చదవడానికి పెద్దగా ఏమీ లేదు. అందుకే అది బాగా రావాలని నీకంటే నాకే ఎక్కువ ఆత్రంగా ఉంది. ఉత్తరం కాస్త పొడుగైతే ఓపిక పట్టు.

మొదటి పేరా మొత్తం కొట్టేశాను. "మాయమైపోయిన మాయా నాగరికత" అనే మాట వినడానికి బాగుంది, కానీ అందులో నిజం లేదు. ఆ పేరుకీ మన మాయకీ సంబంధం లేదు. మయసభ కట్టిన మయుడికీ లేదు. శబ్దం కలిసింది, అంతే. తెలుగులో దీని గురించి రాసే ప్రతివాళ్ళకీ ఈ శ్లేష చేతికి అందుతుంది. వదిలెయ్. పైగా వాళ్ళు మాయం కాలేదు. గ్వాటెమాలాలో, బెలిజ్‌లో, మెక్సికోలోని యుకాటన్, చియాపాస్ ప్రాంతాల్లో లక్షలమంది ఇవాళ్టికీ ఇంట్లో మాయా భాషలే మాట్లాడుకుంటారు. నువ్వు "ఉండేవారు" అని రాసిన చోటల్లా ఆగి చూడు. రాజులు ఉండేవారు. మనుషులు ఉన్నారు.

అసలు తప్పు రెండో పేజీలో ఉంది. ఒక చెక్కుడు గిన్నె ఫోటో పెట్టి, కింద "బలి ఇచ్చినవాడి రక్తం పట్టే పాత్ర" అని రాశావు. నీకెవరు చెప్పారు? గిన్నె చెప్పలేదు. ఆ గిన్నె అంచు చుట్టూ వరసగా గుర్తులు ఉన్నాయి చూడు. అవి అలంకారం కాదు, అక్షరాలు. అవి చదివే పండితులు ఉన్నారు.

ఆ చదువు ఎలా మొదలైందో తెలుసుకో, నీ వ్యాసానికి పనికొస్తుంది. 1971లో న్యూయార్క్‌లోని గ్రోలియర్ క్లబ్‌లో మైఖేల్ కో అనే పురావస్తు శాస్త్రవేత్త ఇలాంటి పాత్రలతో ఒక ప్రదర్శన పెట్టాడు. పాత్ర తర్వాత పాత్ర చూస్తుంటే, అంచుల మీద అవే గుర్తులు అదే క్రమంలో మళ్ళీ మళ్ళీ వస్తున్నాయని ఆయనకి తట్టింది. చాలా పాత్రలు సమాధుల్లోవి కాబట్టి, అది చనిపోయినవాళ్ళ పాతాళ ప్రయాణం గురించిన స్తోత్రం కావచ్చని అనుకున్నాడు. 1980లలో డేవిడ్ స్టువర్ట్, స్టీఫెన్ హ్యూస్టన్, కార్ల్ టౌబ్ లాంటి పండితులు ఒక్కో గుర్తూ విప్పుకుంటూ వచ్చాక తేలింది వేరు. "యుకిబ్" అంటే "అతను తాగే పాత్ర". తర్వాత అందులో పోసేది ఏమిటో, చివర సొంతదారు పేరు, బిరుదులు. మన ఇళ్ళలో స్టీలు గిన్నెల మీద పేరు కొట్టిస్తామే, ఆ పనే.

ఆ స్తోత్రం మాట నేనూ ఒకప్పుడు నమ్మి, ఒక వారపత్రికలో రాశాను. చాలా కదిలిపోయి రాశాను. అచ్చయ్యాక అసలు సంగతి చదివితే రాత్రంతా నిద్ర పట్టలేదు. ఆ వాక్యాలు ఇప్పుడు గుర్తొచ్చినా బాధగానే ఉంటుంది. నీకు ఆ బాధ వద్దని చెబుతున్నాను.

పేరు కొట్టించిన గిన్నె అంటే విషయం చప్పబడిపోతుందని అనుకోకు. ఒక రాజు తాగిన గిన్నె మీద అతని పేరు ఉంది. దాన్ని చేత్తో పట్టుకుని అతను విందులో కూర్చున్నాడు. 1988లో బెలిజ్‌లోని బ్వేనావిస్టాలో ఒక యువకుడి సమాధిలో ఒక పాత్ర దొరికింది. అంచు చదివితే, అది నరాంహో అనే మాయా నగరం రాజు కక్ తిలివ్ చాన్ చాక్‌ది. రాజు గిన్నె వేరే ఊళ్ళో, వేరేవాడి పక్కన ఎందుకుంది? కానుకగా వెళ్ళి ఉంటుందంటారు పండితులు. రక్తం కథకంటే ఇది వందరెట్లు పెద్ద కథ.

ఇంకో సంగతి. రాయడానికీ రంగులతో బొమ్మ వేయడానికీ వాళ్ళకి ఒకటే మాట, "త్సిబ్". రంగు వేసిన పాత్ర మీద ఆ మాట ఉంటుంది. చెక్కిన పాత్ర మీద మాత్రం చెక్కడాన్ని చెప్పే "యుషులిల్" అనే వేరే మాట రాస్తారు. గిన్నె తనని ఎలా చేశారో తనే చెబుతోందన్నమాట. నువ్వేమో చెక్కడం గురించి "అద్భుత శిల్పకళా నైపుణ్యం" అని మూడు మాటల్లో తేల్చేశావు. అక్కడ ఇంకాస్త సేపు నిలబడు. వాళ్ళకి కుమ్మరి సారె లేదు. మట్టిని తాళ్ళలా చేసి, చుట్టలు చుట్టి, చేత్తో గోడ లేపేవారు. సగం ఆరాక చెక్కాలి. తడి ఎక్కువుంటే గీత అంచున మట్టి పొక్కులా లేస్తుంది, మరీ ఆరితే పెళ్ళ ఊడిపోతుంది. ఆ మధ్య దొరికే కొద్ది సమయంలోనే మొత్తం పని. బొమ్మ చుట్టూ ఉన్న మట్టిని లోతుగా తీసేస్తే ముఖం ముందుకొస్తుంది. కాల్చాక కొన్నిటి గాడుల్లో ఇంగిలీకం రుద్దేవారు. ఆ ఎరుపు కొన్ని పాత్రల మూలల్లో ఇంకా అంటుకునే ఉంది. ఇదంతా పాఠకుడికి కనిపిస్తే "అద్భుతం" అన్న మాట నువ్వు రాయక్కర్లేదు.

ఇక దొంగతనం గురించి నువ్వు ఒక్క ముక్క కూడా రాయలేదు. నీ ఫోటోలో ఉన్నది చొచొలా శైలి గిన్నె. యుకాటన్‌లోని ఒక చిన్న ఊరి పేరది. ఈ శైలికి ఆ పేరు పెట్టింది కో. ఆ శైలి గిన్నెల్లో చాలావాటిని ఎవరు ఎక్కడ తవ్వారో రికార్డు లేదు, బజారు ద్వారా వచ్చినవే. అమ్మేముందు కడిగినవీ, పగుళ్ళు పూడ్చి మెరుగు పెట్టినవీ ఉన్నాయి. కడగడం అంటే ఏం పోయిందో చెబుతాను. గ్వాటెమాలాలోని రియో అసూల్‌లో దొంగలు అప్పటికే చాలా సమాధులు తవ్వి పోశారు. వాళ్ళ చేయి పడని ఒక సమాధిలో 1984లో పురావస్తు శాస్త్రవేత్తలకి తిప్పి బిగించే మూత ఉన్న పాత్ర దొరికింది. చెక్కింది కాదు, సున్నపు పూత మీద రాసింది. దాని మీద కకావ్, అంటే కోకో, అనే గుర్తు ఉందని స్టువర్ట్ చదివాడు. లోపల అంటుకున్న మడ్డిని హెర్షీ చాక్లెట్ కంపెనీ ల్యాబ్‌లో పరీక్షిస్తే కోకోలో ఉండే థియోబ్రోమిన్, కెఫిన్ బయటపడ్డాయి. చదివిన అక్షరం నిజమని అడుగున ఎండిపోయిన మడ్డి సాక్ష్యం చెప్పింది. నీ గిన్నెకి ఆ సాక్ష్యం మిగిలిందో లేదో కూడా తెలియకుండా పోయింది. ఇది కోపంగానే రాయి, తప్పు లేదు.

ఆ కోకో మరేదో కాదు. మీ నాన్నగారి కొబ్బరి తోటలో అంతరపంటగా వేసినదే. ఏలూరు జిల్లాలో పుట్టినవాడివి, కాండానికే కాయ కాయడం చిన్నప్పటి నుంచీ చూస్తున్నవాడివి, వ్యాసంలో కోకోని "ఒక రకమైన పానీయం" అని రాస్తే ఎలా? కాయ పగలగొడితే వచ్చే తెల్లటి గుజ్జు, గింజలు పులిసేటప్పటి వాసన, ఇవి నీకు తెలిసినంతగా పెద్ద పెద్ద పుస్తకాలు రాసినవాళ్ళలో చాలామందికి తెలియవు. మాయా వాళ్ళు వేయించిన గింజల్ని రాతి మీద నూరి, నీళ్ళలో కలిపి, ఎత్తు నుంచి ఒక పాత్రలోంచి ఇంకో పాత్రలోకి పోసి నురగ తెప్పించేవారు. ప్రిన్స్‌టన్ మ్యూజియంలోని ఒక పాత్ర మీద ఒకామె అలా పోస్తూ నిలబడి ఉంది. జస్టిన్ కెర్ అనే ఫోటోగ్రాఫర్ పాత్రని తిప్పుతూ తీసిన ఫోటోల్లో ఆ బొమ్మ పరిచిన చాపలా మొత్తం కనిపిస్తుంది. వెతికి చూడు.

చివరగా ఒక పని చెప్తాను. నీ గిన్నె ఫోటోని ఫోన్‌లో బాగా పెద్దది చేసి, అంచు మీద చేప కోసం వెతుకు. చేప "క" అనే అక్షరం. దాని పక్కన రెండు చిన్న చుక్కలుంటే ఆ అక్షరాన్ని రెండుసార్లు చదవాలి. తర్వాత "వ". క, క, వ. మనమైతే చివర పొల్లు పెడతాం, వాళ్ళు చివరి అచ్చుని పలకకుండా వదిలేస్తారు, కకావ్ అవుతుంది. చేప అన్నిసార్లూ ఒకేలా ఉండదు, ఒక్కోసారి చేప రెక్క మాత్రమే గీస్తారు. తొందరపడకు. దొరికితే ఆ గుర్తుని పెన్సిల్‌తో నీ చేత్తో గీసి, రెండో ప్రతితో పాటు నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య