ఆక్సోలోటల్ చెయ్యి మళ్లీ మొలవడంలో రోగనిరోధక కణాల పని ఏమిటి?

ఆక్సోలోటల్‌కి (నీళ్లలో బతికే ఒక రకం సాలమాండర్, అంటే తోక ఉండే, కప్పలకి బంధువైన జీవి) కాలో చెయ్యో తెగితే మళ్లీ మొలుస్తుంది కదా, దానికి రోగనిరోధక శక్తి బలహీనంగా ఉండటమే కారణమని ఎక్కడో విన్నాను, నిజమేనా అని అడిగారు. సగమే నిజం. మిగతా సగం నేను కళ్లారా చూశాను కాబట్టి కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ఎమ్మెస్సీ జువాలజీ అయ్యాక యూరప్‌లో ఒక యూనివర్సిటీ ల్యాబ్‌లో దాదాపు మూడేళ్లు రీసెర్చ్ అసిస్టెంట్‌గా చేశాను. పేరు గొప్పదే కానీ పనేంటంటే డబ్బాల్లో నీళ్లు మార్చడం, మేత వెయ్యడం, మైనపు దిమ్మెల్లో పెట్టిన కణజాలాన్ని పల్చటి పొరలుగా కోసి రంగులు వెయ్యడం. అప్పటిదాకా ఆక్సోలోటల్ అంటే నాకు మెడ పక్కన కుచ్చుల్లాంటి మొప్పలున్న ఒక బొమ్మ, దాని కింద 'నియోటెనీ' (పెద్దయినా పిల్లదశ రూపం వదలకపోవడం) అనే రెండు మార్కుల ప్రశ్న. అంతే. మెక్సికో సిటీలోని షోచిమిల్కో కాలువలు దాని సొంతూరు.

చేరిన కొత్తలో ఒక తప్పు చేశాను. చిన్న పిల్లలన్నిటినీ ఒకే తొట్టిలో ఉంచి, మేత తక్కువ వేసి వెళ్లిపోయాను. ఆకలేస్తే అవి పక్కనున్నదాన్నే కొరుకుతాయి. పొద్దున వచ్చి చూస్తే ఒకదానికి కుడి ముంజేయి లేదు. నాకు ఒకటే టెన్షన్. సీనియర్ మాత్రం తాపీగా, దాన్ని వేరే డబ్బాలో పెట్టు, రోజూ ఫొటో తియ్యి అంది. మర్నాటికే గాయం మీదికి చర్మం జరిగి వచ్చేసింది. పక్కు కట్టలేదు. కొన్నాళ్లకి చివర చిన్న మొగ్గలాంటిది లేచింది. దాన్ని బ్లాస్టిమా అంటారు. ఆ మొగ్గ సాగి, తెడ్డులా చదునై, అందులోంచి వేళ్లు విడివడ్డాయి. నెల దాటాక లెక్కపెట్టాను, నాలుగు. ముందుకాలికి వాటికి నాలుగే వేళ్లు, కంగారుపడకండి.

మన బల్లి తోకతో దీన్ని పోల్చకండి. బల్లికి మళ్లీ వచ్చే తోకలో వెన్నుపూసలుండవు, మృదులాస్థి గొట్టం ఒకటి ఉంటుంది. ఇక్కడ ఎముక, కండరం, నరం, రక్తనాళం అన్నీ వాటి వాటి చోట్లలో తిరిగొస్తాయి.

ఇక మీ ప్రశ్నకి వస్తాను. గాయమైన చోటికి ముందుగా పరిగెత్తుకొచ్చే వాటిలో మాక్రోఫేజ్‌లు ఉంటాయి. తెలుగు పుస్తకాల్లో స్థూలభక్షక కణాలంటారు. చచ్చిన కణాలనీ, సూక్ష్మజీవులనీ మింగేసేవి. చాలాకాలం వీటిని ఊడ్చి శుభ్రం చేసే పనివాళ్లుగానే చూశారు. 2013లో ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీలో జేమ్స్ గాడ్విన్, అలెగ్జాండర్ పింటో, నాడియా రోజెంతాల్ ఆక్సోలోటల్ ఒంట్లోంచి ఈ మాక్రోఫేజ్‌లని తీసేసి చెయ్యి కోసి చూశారు. ఎలా తీశారనేది ముచ్చటగా ఉంటుంది. క్లోడ్రోనేట్ అనే మందుని సన్నటి కొవ్వు బుడగల్లో నింపి ఎక్కిస్తారు. కనబడినదల్లా మింగడం మాక్రోఫేజ్ స్వభావం కదా, బుడగనీ మింగుతుంది, లోపల మందు బయటపడి చస్తుంది. ఎలుకకి మందు కలిపిన ఉండ పెట్టినట్టే. మిగతా కణాలు ఆ బుడగల్ని అంతగా ముట్టుకోవు.

ఫలితం ఏమిటంటే, గాయం మూసుకుంది, కానీ చెయ్యి రాలేదు. ఆలస్యం కావడం కాదు, అసలు రాలేదు. తెగిన మొండి చివర మచ్చ కట్టింది.

అదే పద్ధతిని మా ల్యాబ్‌లో ఒకసారి చేశారు. సూది వేసేది సీనియర్, మత్తులో ఉన్న జీవిని తడి గుడ్డలో పట్టుకునేది నేను. తర్వాత ఆ మొండి చేతుల చివరల్ని కోసి మాసన్ ట్రైక్రోమ్ రంగు వేసే పని నాకే పడింది. ఆ రంగులో కండరం ఎర్రగా, కొల్లాజెన్ (మచ్చల్లో పేరుకునే పోగుల్లాంటి ప్రోటీన్) నీలంగా కనబడతాయి. మామూలు ఆక్సోలోటల్ స్లైడ్‌లో చివర వదులుగా, లేతగా బ్లాస్టిమా కణాలు, అక్కడక్కడా నీలం పోగులు. మాక్రోఫేజ్‌లు లేనిదాని స్లైడ్ పెట్టి ఫోకస్ తిప్పితే చివరంతా చిక్కటి నీలం, స్కూల్లో ఇంకు సీసా ఒలికినట్టు. పక్కపక్కన పడుకోబెట్టిన దారాల్లా గట్టిగా కొల్లాజెన్. నా మోకాలి మీద చిన్నప్పుడు సైకిల్ మీంచి పడిన మచ్చ ఉంది, దాన్ని కోసి చూస్తే అలాగే ఉంటుందేమో అనిపించింది. ఒకదానికి మాత్రం సూది వేసేటప్పుడు మందు సగం బయటికి కారిపోయింది. దానికి చెయ్యి వచ్చింది, కాకపోతే తోటివాటికంటే బాగా వెనకబడి వచ్చింది. మాక్రోఫేజ్‌లు పూర్తిగా పోనప్పుడు అలా ఆలస్యమవుతుందని గాడ్విన్ వాళ్ల పేపర్‌లోనూ ఉంది.

అంటే అవి చేసేది ఊడ్పు ఒక్కటే కాదు. మనకి దెబ్బ తగిలితే ముందు వాపు పెంచే సంకేతాలు, అది ముదిరాక వాపు తగ్గించే సంకేతాలు, ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆక్సోలోటల్‌లో రెండూ మొదట్లోనే కలిసి కనబడ్డాయి. కొల్లాజెన్ పేరుకోకుండా ఆ చోటు వదులుగా ఉండాలన్నా మాక్రోఫేజ్‌లు కావాలి. ఇంకో పని కూడా ఉంది. మొగ్గ పెరిగేటప్పుడు కొన్ని కణాలు ముసలివై విభజన ఆపేస్తాయి. వాటిని ఏరి పారేసేదీ మాక్రోఫేజ్‌లే అని 2015లో లండన్ పరిశోధకులు చూపించారు. గుండె సంగతి నాకు మరీ ఆశ్చర్యం. ఆక్సోలోటల్ గుండెకి దెబ్బ తగిలినప్పుడు మాక్రోఫేజ్‌లు లేకపోతే కండర కణాలు విభజన చెందుతూనే ఉంటాయి, అయినా గుండె బాగుపడదు, మచ్చ మిగిలిపోతుంది. కొత్త కణాలు తయారైతే చాలదు, అవి కూర్చోవడానికి చోటు ఖాళీగా ఉండాలి.

మరి 'బలహీనమైన రోగనిరోధక శక్తి' అనే మాట ఎక్కడ పుట్టింది? సాలమాండర్లకి వేరే జీవి చర్మం అతికిస్తే దాన్ని తిప్పికొట్టడానికి చాలా రోజులు తీసుకుంటాయి. కప్పలు గానీ మనం గానీ అంత ఆలస్యం చెయ్యం. అంటే టి-కణాలు, యాంటీబాడీల వైపు అవి నిజంగా మందకొడివే. అందుకని రోగనిరోధక కణాలు అడ్డు తప్పుకుంటే అవయవం మొలుస్తుందని అనుకున్నారు. లింఫోసైట్ల (టి-కణాలు, యాంటీబాడీలు తయారుచేసే కణాలు ఈ రకానివే) గురించి అన్న మాటని మాక్రోఫేజ్‌లకి కూడా అంటగట్టడం వల్ల వచ్చిన పొరపాటు ఇది.

అయితే ఆ మాటకి ఊతమిచ్చే జీవి ఒకటుంది, ఆఫ్రికా గోళ్ల కప్ప జెనోపస్. దీని తోకకప్పకి తోక తెగితే మళ్లీ వస్తుంది. కానీ పసితనంలో కొద్దిరోజులపాటు మాత్రం రాదు. ఆ రోజులు దాటాక మళ్లీ వస్తుంది! 2009లో జపాన్ పరిశోధకులు సరిగ్గా ఆ రోజుల్లో రోగనిరోధక శక్తిని అణిచే మందులిస్తే తోక పెరిగింది. అదిగో, రోగనిరోధక కణాలే శత్రువులన్నమాట అనుకుంటాం. కానీ 2020లో కేంబ్రిడ్జ్ వాళ్లు చూస్తే, తోక పెరగాలన్నా మాక్రోఫేజ్‌ల జాతికి చెందిన మైలాయిడ్ కణాలు తప్పనిసరి. తోక పెరగని రోజుల్లో వచ్చేవి వాపు పెంచే రకం, పెరిగే రోజుల్లో వచ్చేవి మరమ్మతు చేసే రకం. కణాలు ఉన్నాయా లేవా అని అడిగితే జవాబు దొరకదు. ఏ రకం, ఎప్పుడు వచ్చాయి అని అడగాలి. కప్ప పెద్దయ్యాక కాలు తెగితే మాత్రం పుల్లలాంటి మృదులాస్థి ముక్క ఒకటి మొలుస్తుంది. వేళ్లుండవు.

చెయ్యి రాని ఆ ఆక్సోలోటళ్ల సంగతి చెప్పలేదు కదూ. మేం అన్నిటినీ స్లైడ్లకి వాడెయ్యలేదు, రెండింటిని ఉంచాం. మందు ప్రభావం పోయి కొత్త మాక్రోఫేజ్‌లు తయారయ్యాక, మత్తిచ్చి, మచ్చ కట్టిన చివరని కాస్త పైకి మళ్లీ కోశారు. గాడ్విన్ బృందం కూడా ఇలాగే చేసింది. నేను రోజూ వెళ్లి ఆ డబ్బాల మూతలు తీసి చూసేదాన్ని. రెండో వారంలో ఒకదానికి మొగ్గ వచ్చింది, మూడు రోజులు పోయాక రెండోదానికీ వచ్చింది. వేళ్లు విడివడిన రోజు వాటికి మామూలు కన్నా నాలుగు వానపాములు ఎక్కువ వేశాను.