వీపీఎన్ వేసుకుంటే ఇక భయం లేదా?

ప్రశ్న: డిగ్రీ చదువుతున్న మా అబ్బాయి సాయంత్రాలు శ్రీకాకుళం రోడ్ స్టేషనుకు వెళ్లి, అక్కడి ఉచిత వైఫైతో ఉద్యోగ దరఖాస్తులు నింపుతాడు, ఫీజులు కూడా కడతాడు. ఈమధ్య స్నేహితులు చెప్పారని ఫోనులో ఒక ఉచిత వీపీఎన్ యాప్ వేసుకుని, ఇక ఎవరూ తననేమీ చేయలేరని అంటున్నాడు. అది నిజమేనా? వీపీఎన్ వాడటం నేరం కాదు కదా?
– ఒక పాఠకురాలు, ఆమదాలవలస

జవాబు: మీ అబ్బాయి మాటలో కొంత నిజం ఉంది. బ్యాంకు సైటు చిరునామాకు మొదట హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే, మనం పంపే సమాచారం కార్డు ముక్క మీద రాసినట్టు కాక, అంటించిన కవరులో పెట్టినట్టు వెళ్తుంది. ఆ వైఫైలో ఎవరు పొంచి ఉన్నా లోపలి పాస్‌వర్డును చదవలేరు. అయితే కవరు మీది చిరునామా, అంటే ఏ సైటుకు వెళ్లాడన్న సంగతి, సాధారణంగా వైఫై నడిపేవారికి తెలుస్తుంది. వీపీఎన్ ఆ కవరును మరో పెద్ద కవరులో పెట్టి, ముందు తన సర్వరుకు, అంటే ఆ కంపెనీ కంప్యూటరుకు, తెప్పించుకుని, అక్కడ పై కవరు విప్పి లోపలిదాన్ని అసలు చోటికి పంపుతుంది. అందువల్ల స్టేషను వైఫైకి వీపీఎన్ సర్వరు చిరునామా మాత్రమే కనిపిస్తుంది. అవతలి సైటుకు కూడా మీవాడి ఐపీ చిరునామాకు (ఇంటర్నెట్‌లో మన కనెక్షనును గుర్తించే సంఖ్యకు) బదులు ఆ సర్వరుదే కనిపిస్తుంది.

ఇంతకాలం వైఫై నడిపేవారికి తెలిసిన సంగతులన్నీ ఇప్పుడు ఆ వీపీఎన్ కంపెనీకి తెలుస్తాయి. సర్వర్లు నడపడానికి చాలా డబ్బు కావాలి కనుక, రుసుము అడగని కంపెనీకి ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తోందో తెలుసుకోకుండా దాన్ని నమ్మకూడదని నేను గట్టిగా చెబుతాను. 2013లో ఫేస్‌బుక్ కొన్న ఒనావో అనే ఉచిత వీపీఎన్ సంగతే చూడండి. వినియోగదారుల సమాచారాన్ని కాపాడతానని చెప్పుకున్న ఆ యాప్, వారు ఏ యాప్‌లు ఎంతసేపు వాడుతున్నారో ఫేస్‌బుక్‌కు చేరవేసింది. 2019లో అది మూతపడింది. 2023లో ఆస్ట్రేలియా న్యాయస్థానం ఈ వ్యవహారంలో ఫేస్‌బుక్ అనుబంధ సంస్థలకు రెండు కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా విధించింది.

ఇక చట్టం సంగతి. మన దేశంలో వీపీఎన్ వాడటం నేరం కాదు. దాని చాటున చేసిన నేరం మాత్రం నేరమే. వినియోగదారుల పేర్లు, చిరునామాలు, ఐపీ వివరాలు ఐదేళ్లు భద్రపరచాలని సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న వీపీఎన్ కంపెనీలను ఆదేశించగా, కొన్ని విదేశీ కంపెనీలు భారత్‌లోని తమ సర్వర్లను తొలగించుకున్నాయి.

అయితే నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మీ అబ్బాయి ధీమా. ఉద్యోగం ఇస్తామని నకిలీ సైటు పెట్టినవాడికి మీవాడు తన చేతులతోనే వివరాలు రాసి ఇస్తే, వీపీఎన్ ఆ వివరాలను కూడా అంతే భద్రంగా వాడికి చేరవేస్తుంది. బ్రౌజరులోని తాళం గుర్తు దారి భద్రంగా ఉందని చెబుతుందే తప్ప, అవతలివాడు మంచివాడని చెప్పదు. నకిలీ సైట్లకూ ఆ గుర్తు ఉంటుంది. వాట్సాప్‌లో చలానా పేరుతోనో, పెళ్లి పిలుపు పేరుతోనో వచ్చే ఏపీకే ఫైలును, అంటే ఆండ్రాయిడ్ యాప్‌ను ఎక్కించే ఫైలును, ఫోనులో ఎక్కించుకుంటే, అది ఓటీపీలను ఫోను లోపలే చదివేస్తుంది కనుక అక్కడ వీపీఎన్ చేయగలిగింది ఏమీ లేదు. మన ఖాతాలోకి డబ్బు రావడానికి యూపీఐ పిన్ అవసరం లేదన్న ఒక్క సంగతి ఇంట్లో అందరికీ తెలియాలి. ఫీజులు కట్టేటప్పుడు స్టేషను వైఫై ఆపి సొంత సిమ్ డేటా వాడమనండి, ఆ ఉచిత వీపీఎన్‌ను తీసేయించండి, మెయిలుకు రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డుతో పాటు మరో రుజువు కూడా అడిగే ఏర్పాటు) పెట్టించండి. ఒకవేళ డబ్బు పోతే ఆ నిమిషంలోనే సైబర్ మోసాల సహాయ నంబరు 1930కు ఫోను చేయాలి; ఆలస్యమయ్యే కొద్దీ ఆ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

ప్రశ్న: మా అమ్మాయి ఇంటి నుంచే విశాఖపట్నం కంపెనీ పని చేస్తోంది. కంపెనీవారు ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ వేసి ఇచ్చారు. ఇదీ అదీ ఒకటేనా?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: పద్ధతి ఒకటే, ప్రయోజనం వేరు. బయటివారికి తెరవని ఆఫీసు నెట్‌వర్కులోకి మీ అమ్మాయి ఇంటి నుంచి ప్రవేశించడానికి అది దారి. ఆ దారిలో వెళ్లేదాన్ని కంపెనీవారు గమనించగలరు కనుక, సొంత బ్యాంకు పనులు, ఆసుపత్రి కాగితాలు తన ఫోనులోనే చూసుకోమనండి.