మీరు అడిగారు: తాయ్ చీ వరుసలో ఎక్కడ నిలబడాలి?

ప్రశ్న: మాది గుంటూరు, నాకు 61 ఏళ్లు. అమెరికాలో ఫ్రీమాంట్‌లో ఉన్న మా అబ్బాయి దగ్గరికి ఆరు నెలలు ఉందామని వచ్చాను. ఇంటి దగ్గరి పార్కులో రోజూ పొద్దున ఇరవై మంది దాకా చైనా పెద్దవాళ్లు చిన్న స్పీకరు పెట్టుకుని తాయ్ చీ, అదే మెల్లటి కదలికలతో సాగే వాళ్ల వ్యాయామం, చేస్తారు. పది రోజులుగా బెంచీ మీద కూర్చుని చూస్తున్నాను. నిన్న ఒకావిడ చెయ్యి ఊపి రమ్మంది కూడా. నాకు వాళ్ల భాష రాదు, మోకాళ్ల నొప్పులున్నాయి, తప్పు చేస్తే ఏమనుకుంటారోనని టెన్షన్. వెళ్లొచ్చా?

జవాబు: రేపే వెళ్లండమ్మా. ఆవిడ పిలిచింది కదా, ఇంకెవరినీ అడగక్కర్లేదు. నేను సింగపూర్‌లో ఉన్నప్పుడు మా ఫ్లాట్ల కింద ఖాళీ జాగాలో సరిగ్గా ఇలాగే ఒక గుంపులో చేరి నేర్చుకున్నాను, కాబట్టి అక్కడ తెలుసుకున్నవే చెప్తాను.

అన్నిటికన్నా ముందు, ఎక్కడ నిలబడతారన్నది ముఖ్యం. కొత్తవాళ్లు సిగ్గుపడి చివరి వరుసలో ఓ మూలకి పోతారు, నేనూ నెల రోజులు అక్కడే నిలబడ్డాను. చాలా గుంపులు చేసేది 24 భంగిమల వరస, దాన్ని 1956లో చైనా ప్రభుత్వ క్రీడా విభాగం అందరూ తేలిగ్గా నేర్చుకోవాలని యాంగ్ శైలి అనే పాత తాయ్ చీ పద్ధతి నుంచి కుదించి తయారు చేసింది. అందులో మొదట్నుంచి చివరిదాకా ఒకే దిక్కు చూస్తూ ఉండరు, మధ్యలో అందరూ వెనక్కి తిరుగుతారు. తిరగ్గానే చివర ఉన్న మీరు అందరికంటే ముందుంటారు, చూసి చెయ్యడానికి ఎదురుగా ఒక్కరూ ఉండరు. అందుకని మధ్యలో నిలబడండి, ఎటు తిరిగినా కళ్ల ముందు తెలిసినవాళ్లు ఉంటారు.

మొదటి రెండు మూడు వారాలు చేతుల సంగతి వదిలెయ్యండి. వాళ్ల పాదాలు చూడండి, ఏ కాలి మీద బరువుంది, ఎప్పుడు మారుతోంది అని. బరువున్న కాలు నిండు, లేనిది ఖాళీ అంటారు వాళ్లు. 'మబ్బు చేతులు' అనే భంగిమలో చేతులు ముఖం ముందు అందంగా గుండ్రంగా తిరుగుతుంటే చూపు అక్కడికే పోతుంది గానీ అసలు పనంతా కింద, పక్కకి వేసే అడుగులోనూ నడుము తిరగడంలోనూ ఉంటుంది. కాళ్లు కుదిరాక చేతులు వాటంతటవే దారిలో పడతాయి, నాకు అలాగే వచ్చింది.

మోకాళ్ల విషయంలో మాత్రం జాగ్రత్త. మోకాలు ఎప్పుడూ కాలివేళ్లు చూసే వైపే చూడాలి, వేళ్లను దాటి ముందుకి పోకూడదు. పాదం తిప్పాల్సి వస్తే ముందు దాని మీద బరువు తీసేసి, తుంటి దగ్గర్నుంచి తిరగండి. బరువు మోపిన కాలిని అలాగే మెలితిప్పితే ఆ భారమంతా మోకాలి మీద పడుతుంది. 'పాము కిందికి దిగడం' అని ఒక కాలి మీద బాగా కిందికి కూర్చునే భంగిమ ఒకటి వస్తుంది, అక్కడ మీరు కూర్చోకండి, నిలబడే కొంచెం వంగితే చాలు, మా గుంపులో పెద్దవాళ్లు చాలామంది అంతే చేసేవాళ్లు. ముందొకసారి డాక్టరుకి చూపించుకోండి, కానీ నొప్పులున్నాయని అసలు మానెయ్యకండి. మోకాళ్ల అరుగుదల ఉన్న 204 మందిని బోస్టన్‌లో పరీక్షించి 2016లో ఫలితాలు ప్రచురించారు. పన్నెండు వారాల తాయ్ చీకి తగ్గిన నొప్పి దాదాపు ఫిజియోథెరపీకి తగ్గినంతే ఉంది.

భాష గురించి దిగులు వద్దు, అక్కడ నోటితో చెప్పేది తక్కువ. పొద్దున కలిసినప్పుడు 'జావ్' అనండి, మన గుడ్ మార్నింగ్ లాంటిది. ముందు నిలబడి చేయించేవారిని 'లావ్‌షీ' అంటే గురువుగారు అని పిలుస్తారు. 'మన్ మన్ లాయ్' అని మీతో ఎవరో ఒకరు అంటారు, నెమ్మదిగా, తొందరేం లేదు అని దానర్థం. పక్కావిడ వచ్చి మీ మోచేయి పట్టుకుని సరిచేస్తే తప్పు పట్టిందనుకోకండి, మిమ్మల్ని తమలో కలుపుకున్నారని అర్థం. పంజాబీ డ్రెస్, అడుగు పల్చగా ఉన్న బూట్లు అయితే నయం, మందం సోలున్న వాకింగ్ బూట్లలో నేల సరిగ్గా తెలియదు. అయిపోగానే ఇంటికి వచ్చెయ్యకండి. ఫ్లాస్కుల్లో వేడినీళ్లు తాగుతూ కాసేపు నిలబడి మాట్లాడుకుంటారు, ఒకరోజు ఇంట్లో చేసిన జంతికలు పట్టుకెళ్లండి.

ప్రశ్న: తాయ్ చీ, చీగాంగ్ ఒకటేనా? హైదరాబాద్‌లో మా ఏరియాలో నేర్పేవాళ్లు దొరకలేదు. వీడియోలు చూసి నేర్చుకోవచ్చా?

జవాబు: ఒకటి కాదు, దగ్గరి చుట్టాలు. తాయ్ చీ పుట్టింది యుద్ధవిద్యగా, చైనాలోని హెనాన్ రాష్ట్రంలో చెన్ వంశం వాళ్ల ఊళ్లో. 19వ శతాబ్దంలో యాంగ్ లూచాన్ అక్కడ నేర్చుకుని బీజింగ్‌లో నేర్పాడు. అందుకే మెల్లగా సాగే ప్రతి కదలికలో ఒక దెబ్బో, కాచుకోవడమో దాగి ఉంటుంది. చీగాంగ్ అంటే శ్వాస, కదలిక, ధ్యాస మూడూ కలిపి ఆరోగ్యం కోసం చేసే సాధనలకి ఉమ్మడి పేరు. పేరు ఈమధ్యదే గానీ సాధన పాతది. చైనాలో క్రీ.పూ. 168 నాటి మావాంగ్‌దుయ్ సమాధిలో దొరికిన పట్టు గుడ్డ మీద ఇలాంటి వ్యాయామాలు చేస్తున్న 44 బొమ్మలున్నాయి.

ఒంటరిగా వీడియోతో అయితే 24 భంగిమల వరస మొదలుపెట్టకండి, మీ మోకాలు ఎటు పోతోందో వీడియో చూడలేదు కదా. 'బాదువాన్‌జిన్' అనే చీగాంగ్ పట్టండి. ఎనిమిదే కదలికలు, దాదాపు ఒకేచోట నిలబడి చేస్తారు, పావుగంట పని. రెండు చేతులతో ఆకాశాన్ని పైకెత్తినట్టు మొదలవుతుంది, చివర మడమలెత్తి ఏడుసార్లు దింపుతారు. మీకు ప్రాణాయామం అలవాటుంటే ఇక్కడ కుంభకం పట్టకండి, ఊపిరిని బిగపట్టకుండా దానంతట దాన్ని నడవనివ్వాలి.

అయితే ఒంటరిగా మొదలుపెట్టినా ఒంటరిగా ఉండిపోకండి. అపార్ట్‌మెంట్ టెర్రస్ మీదో, ఇందిరా పార్కులోనో ఇద్దరు ముగ్గురు ఒకే టైముకి కలవండి. బద్ధకంగా అనిపించిన రోజు, అవతలివాళ్లు ఎదురుచూస్తుంటారనే లేచి వెళ్తాం. నేను రెండేళ్లు మానకుండా చేశానంటే కారణం అదే.

ప్రశ్న: విశాఖలో ఉంటాం. మా నాన్నగారికి పార్కిన్‌సన్స్, నడకలో తూలుతున్నారు. తాయ్ చీ పనికొస్తుందా?

జవాబు: జబ్బు ముదరనప్పుడు పనికొస్తుంది. అమెరికాలోని ఓరెగాన్‌లో 195 మంది రోగులతో చేసిన అధ్యయనం 2012లో వచ్చింది. వారానికి రెండుసార్లు చొప్పున 24 వారాలు తాయ్ చీ చేసినవాళ్లకి నిలకడ మెరుగైంది, సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకంటే తక్కువసార్లు పడ్డారు. మందులు మాత్రం మానకూడదు. న్యూరాలజిస్టుని అడిగాకే, ఫిజియోథెరపిస్టు ఎదురుగా మొదలుపెట్టించండి. మందు బాగా పనిచేస్తున్న వేళ చూసి, ఆయన వెనక గోడకి ఆనించిన బరువైన కుర్చీ ఒకటి వేసి, పక్కన మీరు నిలబడి ఆయనతోపాటు చెయ్యండి. మొదటి వారం బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చడం ఒక్కటే చేయించండి.