మగపిల్లలకు లైంగిక ఆరోగ్యం గురించి ఏ వయసులో, ఎవరు చెప్పాలి?

పదేళ్లు నిండాక, గొంతు మారకముందే, తండ్రో మేనమామో చెప్పాలన్నది నా అభిప్రాయం. మన హైదరాబాదులో అబ్బాయికి ధోతి ఫంక్షన్ ఘనంగా చేస్తాం, ఫంక్షన్ హాలు మాట్లాడి బంధువులందరికీ భోజనాలు పెడతాం. కానీ ఆ పంచె కట్టించిన పెద్దల్లో ఒక్కరైనా పిల్లవాడిని పక్కన కూర్చోబెట్టుకుని, వాడి శరీరంలో రాబోయే మార్పుల గురించి నాలుగు మాటలు చెప్పగా నేను చూడలేదు. ఆడపిల్లకు తల్లో అమ్మమ్మో ఎంతో కొంత చెబుతారు.

మా అక్క కొడుకు నగర శివార్లలోని ఒక రెసిడెన్షియల్ కళాశాలలో ఇంటర్ చదివేవాడు. ఒక రాత్రి నిద్రలో ఉండగా వృషణంలో భరించలేని నొప్పి మొదలై, వాంతి కూడా అయింది. ఆ మాట నోట రాక, వార్డెన్‌కు కడుపునొప్పి అని చెప్పాడు. ఆయన గ్యాస్ మాత్ర ఇచ్చి పడుకోమన్నారు. తెల్లవారి స్టడీ అవర్‌లో కూడా ముడుచుకునే కూర్చున్నాడట. మధ్యాహ్నం కళాశాల నుంచి ఫోన్ వస్తే నేను వెళ్లి మలక్‌పేటలోని ఒక ఆసుపత్రికి తీసుకువచ్చాను. అక్కడ కూడా, వాళ్లమ్మ పక్కనే ఉండటంతో, పొట్టనే చూపించాడు. చివరికి ఒక సీనియర్ సర్జన్ మమ్మల్ని బయటకు పంపి, తలుపు వేసి అడిగితే గానీ అసలు సంగతి బయటపడలేదు. వృషణం మెలిపడి రక్తప్రసరణ ఆగిపోయిందని డాప్లర్ స్కాన్‌లో తేలింది.

నొప్పి మొదలైన 6 గంటల లోపల ఆపరేషన్ చేసి ఆ మెలి విప్పితే వృషణం చాలావరకు దక్కుతుంది, ఆలస్యమైన కొద్దీ ఆశ సన్నగిల్లుతుంది. మావాడికి తీసివేయక తప్పలేదు. రెండోది కూడా అలా మెలిపడకుండా కుట్లు వేశారు. ఒకటి ఆరోగ్యంగా ఉంటే పిల్లలు పుట్టడానికి సాధారణంగా ఇబ్బంది ఉండదని సర్జన్ వాడితోనే నేరుగా చెప్పారు. ఆ ఒక్క మాటను వాడు మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు.

వృషణం ఇలా మెలిపడటాన్ని వైద్యులు టెస్టిక్యులర్ టార్షన్ అంటారు. ఇది ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకే వస్తుంది, కానీ దీని పేరు విన్న తల్లిదండ్రులు నాకు ఇంతవరకు తారసపడలేదు. పదో తరగతి జీవశాస్త్రంలో ప్రత్యుత్పత్తి పాఠం వస్తే, ఇంట్లో చదువుకోండి అంటూ పేజీలు తిప్పేసే ఉపాధ్యాయులు ఇప్పటికీ ఉన్నారు. వారు వదిలేసిన పాఠాన్ని గోడల మీద గుప్తరోగాల ప్రకటనలు చెబుతున్నాయి. యుక్తవయసులో నిద్రలో వీర్యం పోవడం సహజమైన విషయం, దానివల్ల ఒంట్లో సత్తువ ఏమాత్రం తగ్గదు. అయినా ఆ భయాన్నే పెట్టుబడిగా చేసుకుని పొడులు, లేహ్యాలు అమ్ముతున్నారు. లైంగిక శక్తిని పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి చట్టమే నిషేధించింది. అయినా మన ఫ్లైఓవర్ల స్తంభాలు వాటితోనే నిండి ఉంటాయి. మనం ఇళ్లలో నోరు తెరిస్తే ఆ వ్యాపారం ఏడాదిలో మూతపడుతుందని నేను గట్టిగా నమ్ముతున్నాను.

హాస్టల్ వార్డెన్లకు నా విన్నపం ఒకటుంది. అర్ధరాత్రి కడుపునొప్పి అంటూ వచ్చిన అబ్బాయిని, తోటి పిల్లలు వినకుండా పక్కకు పిలిచి, కింద కూడా నొప్పిగా ఉందా అని అడగండి. ఉందంటే మాత్ర ఇచ్చి పంపకుండా, తెల్లవారేదాకా ఆగకుండా, సర్జన్ ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకువెళ్లండి, తల్లిదండ్రులకు దారిలో ఫోన్ చేయవచ్చు.